ఎండలో పనిచేసేవాళ్ళను వడదెబ్బ నుంచి కాపాడాలంటే నీళ్ళు, ఓఆర్‌ఎస్ సరిపోతాయా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెప్తాను. రోడ్డు పనిలో మీ కింద పాతిక మంది దాకా ఉన్నారు. నీళ్ళ డ్రమ్ములు పెట్టారు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇస్తున్నారు, టోపీలు పంచారు. అయినా పోయిన వారం ఇద్దరు కళ్ళు తిరిగి పడిపోయారు. ఇంకా ఏం చేయాలి, ఎన్ని డిగ్రీలు దాటితే పని ఆపాలి అని అడిగారు. "వీళ్ళకు ఎండ అలవాటేలే" అని కాంట్రాక్టర్ అంటున్నారని కూడా రాశారు.

నేను నిర్మాణ పనుల్లో కార్మికుల ఆరోగ్యం, భద్రత చూసే ఉద్యోగంలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ముందు సూటిగా జవాబు చెప్పి, తర్వాత వివరాల్లోకి వెళ్తాను.

నీళ్ళు తప్పనిసరి. కానీ నీళ్ళు మాత్రమే ఇచ్చి వడదెబ్బను ఆపలేరు. మనిషి ఒంట్లో పుట్టే వేడి తగ్గాలి. అంటే పని వేగం తగ్గాలి, నీడలో విశ్రాంతి పెరగాలి. ఆ విశ్రాంతిని కూలీల ఇష్టానికి వదిలేయకుండా మీరే గడియారం చూసి ఇప్పించాలి. దీనికి తోడు ఇంకో రెండు ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్ళకు, సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్ళకు మొదటి వారం పని తగ్గించాలి. ఎవరికైనా వడదెబ్బ తగిలితే ఆసుపత్రికి తరలించేలోపే, అక్కడికక్కడే చల్లబరచాలి. పని ఆపడానికి ఎన్ని డిగ్రీలు అన్నదానికి ఒకే అంకె లేదు. అది గాలిలోని తేమ మీద, పని బరువు మీద, వేసుకున్న బట్టల మీద మారుతుంది. ఎలా లెక్కేసుకోవాలో కింద చెప్తాను.

చాలామంది వడదెబ్బ అంటే బయటి ఎండ మాత్రమే అనుకుంటారు. బరువు పని చేసేటప్పుడు కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో పని రూపంలో బయటికి వచ్చేది నాలుగో వంతుకు మించదు. మిగతాదంతా వేడిగా మారి ఒంట్లోనే ఉండిపోతుంది. పారతో మట్టి ఎత్తే మనిషి ఒంట్లో, ఊరికే కూర్చున్న మనిషి కంటే దాదాపు నాలుగింతల వేడి పుడుతుంది. ఆ వేడిని రక్తం చర్మం దాకా మోసుకొస్తుంది, అక్కడి నుంచి అది గాలిలోకి పోవాలి. బయటి గాలి చర్మం కంటే వేడిగా ఉన్న రోజున వేడి పోయేందుకు చెమట తప్ప వేరే దారి ఉండదు. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలో క్యాలరీల వేడి పోతుంది. అయితే ఆవిరైనప్పుడే ఆ లాభం. ధారగా కారి నేల మీద పడిన చెమటతో ఒళ్ళు చల్లబడదు, ఒంట్లో నీళ్ళు మాత్రం తగ్గుతాయి. ఉక్కపోత రోజుల్లో జరిగేది ఇదే. తాగిన నీళ్ళు తిరిగి చెమట పట్టడానికి పనికొస్తాయి గానీ, ఆ చెమటను ఆవిరి చేసే శక్తి గాలికి లేనప్పుడు ఎన్ని గ్లాసులు తాగినా లోపలి వేడి పెరుగుతూనే ఉంటుంది. గొంతు దాకా నీళ్ళు తాగిన మనిషికి కూడా వడదెబ్బ తగలడం నేను చూశాను. నీళ్ళ డ్రమ్ము దగ్గరే ఆగిపోవద్దని చెప్పేది అందుకే.

"అలవాటే" అన్న మాట గురించి

కాంట్రాక్టర్ మాటలో సగం నిజం ఉంది. వేడికి ఒళ్ళు నిజంగానే అలవాటు పడుతుంది. చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, అదే పనికి గుండె వేగం తగ్గుతుంది. ఇది రావడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. కానీ ఈ అలవాటు ఎండ ఊళ్ళో పుట్టి పెరిగినంత మాత్రాన రాదు. ఆ వేడిలో, ఆ బరువు పని రోజూ చేస్తుంటేనే వస్తుంది. వచ్చినది నిలిచేదీ కాదు. వారం రోజులు పనికి దూరంగా ఉంటే తగ్గడం మొదలవుతుంది, నెల రోజులు ఉంటే దాదాపు పూర్తిగా పోతుంది.

అమెరికాలోని కార్మిక భద్రత సంస్థ ఓషా చెప్పే లెక్క ఒకటి ప్రతి సూపర్‌వైజర్ గుర్తుపెట్టుకోవాలి. ఎండ వేడికి పనిలో చనిపోయినవాళ్ళలో దాదాపు సగం మంది ఆ పనిలో చేరిన మొదటి రోజునే చనిపోయారు. మొదటి వారంలో పోయినవాళ్ళు 70 శాతం పైనే. ఈ మరణాల్లో ఎక్కువ భాగం ఎవరి దగ్గర జరుగుతాయో, ఎప్పుడు జరుగుతాయో మనకు ముందే తెలుసన్నమాట. తెలిసీ ఆపకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

అక్కడి పరిశోధన సంస్థ నియోష్ చెప్పిన పద్ధతినే నేను వాడతాను. కొత్తవాళ్ళకు మొదటి రోజు మామూలు పనిలో 20 శాతం మాత్రమే ఎండలో ఇవ్వాలి. తర్వాత రోజుకు 20 శాతం చొప్పున పెంచాలి. పాతవాళ్ళే సెలవు నుంచి తిరిగొస్తే మొదటి రోజు 50, రెండో రోజు 60, మూడో రోజు 80, నాలుగో రోజు పూర్తి పని. మిగిలిన సమయం ఖాళీగా కూర్చోబెట్టాలని కాదు. నీడలో చేసే పనులు, సామాను లెక్కలు, ట్రాఫిక్ జెండా పట్టుకునే పని నీడ ఉన్న చోట ఇవ్వొచ్చు.

నాకు ఎదురైన ఒక కేసు చెప్తాను. కాలువలు తవ్వే ముఠాలో అందరికంటే బలమైన మనిషి ఒకతను ఉండేవాడు. ఇంటి పని మీద నెల రోజులు వెళ్ళి తిరిగొచ్చాడు. ఇన్నాళ్ళు పోయిన కూలి రాబట్టుకోవాలన్న తొందర, ముఠాలో తన పేరు నిలబెట్టుకోవాలన్న పట్టుదల రెండూ ఉన్నాయి. మధ్యాహ్నానికి తూలిపోతూ కాలువ గట్టు మీద కూలబడ్డాడు. పక్కనే నీళ్ళ ట్యాంకర్ ఉండడం వల్ల బతికాడు. అంత బలమైన మనిషికి అలా అవుతుందని ముఠాలో ఎవరూ ఊహించలేదు. కానీ బలమైనవాడు వేగంగా పనిచేస్తాడు, వేగంగా చేస్తే వేడి ఎక్కువ పుడుతుంది. ఒంటి బలం ఇక్కడ రక్షణ ఇవ్వదు.

ఇంకో సంగతి. వేసవి మొదట్లో వచ్చే తొలి వడగాడ్పుల వారంలో మీ పాతిక మందీ కొత్తవాళ్ళ కిందే లెక్క. అప్పటికి ఎవరి ఒళ్ళూ అలవాటు పడి ఉండదు. పోయిన వారం పడిపోయిన ఆ ఇద్దరూ ఎప్పుడు చేరారు, ఎన్ని రోజుల సెలవు తర్వాత వచ్చారు అన్నది ఒకసారి హాజరు పుస్తకం తీసి చూడండి.

ఎన్ని డిగ్రీలకు పని ఆపాలి?

ఫోన్‌లో కనిపించే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే చోట కొలిచినది. మీ కూలీలు నిలబడేది ఎండలో, వేడెక్కిన రోడ్డు మీద. తారు వేసే చోట 150 డిగ్రీల దాకా ఉన్న మిశ్రమం కాళ్ళ దగ్గరే ఉంటుంది. ఆ వేడి ఏదీ ఫోన్ అంకెలో ఉండదు. తేమను కూడా కలిపి చూపించే "ఎంత వేడిగా అనిపిస్తుంది" అనే అంకె కొంత నయం. కానీ అదీ నీడకే. నేరుగా ఎండలో ఉంటే దానికి ఇంకో 8 డిగ్రీల దాకా కలుపుకోవాల్సి ఉంటుంది.

మా పనిలో వాడేది డబ్ల్యూబీజీటీ అనే కొలత. అమెరికా సైన్యం శిక్షణలో కుర్రాళ్ళు వడదెబ్బకు పడిపోతుంటే 1950లలో దీన్ని తయారుచేశారు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్, నల్ల గోళంలో పెట్టిన థర్మామీటర్, మామూలు థర్మామీటర్, ఈ మూడింటి అంకెలను కలుపుతారు. ఎండలో అయితే తడిదానికి 70 శాతం, గోళానికి 20, మామూలుదానికి 10. తడి థర్మామీటర్‌కు అంత పెద్ద వాటా ఎందుకంటే, చెమట ఆవిరవుతుందో లేదో చెప్పేది అదే.

లెక్క వేసి చూడండి. గాలి 40 డిగ్రీలు, తడిది 27, గోళం 50 ఉన్న పొడి రోజున మొత్తం 32.9 వస్తుంది. గాలి 33 మాత్రమే, తడిది 29, గోళం 45 ఉన్న ఉక్కపోత రోజున 32.6. ఫోన్‌లో 7 డిగ్రీల తేడా కనిపించినా, పనిచేసే ఒంటికి రెండు రోజులూ ఒకటే. "40 దాటితే ఆపుదాం" అని రాసుకున్న సైట్లలో 33 డిగ్రీల ఉక్కపోత రోజున మనుషులు పడిపోవడానికి కారణం ఇదే.

అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ ఇచ్చిన హద్దులు ఇలా ఉన్నాయి. వేడికి అలవాటు పడినవాళ్ళు, మామూలు బట్టల్లో, మధ్యరకం పని చేస్తుంటే డబ్ల్యూబీజీటీ 28 వరకు దాదాపు నిరంతరంగా చేయొచ్చు. 29కి గంటలో ముప్పావు గంటకు మించకూడదు. 30కి అరగంట పని, అరగంట విశ్రాంతి. 31.5కి పావుగంట పని, ముప్పావు గంట విశ్రాంతి. తవ్వడం, మోయడం లాంటి బరువు పనికి ఈ హద్దులు ఇంకా కింద ఉంటాయి. 27.5కే విశ్రాంతి మొదలవ్వాలి, 30.5కి పావుగంట పనే హద్దు. అలవాటు లేనివాళ్ళకు మధ్యరకం పనిలో 25 నుంచే జాగ్రత్త పడాలి. కతార్ దేశంలో 2021 నుంచి 32.1 దాటితే ఆరుబయట పని పూర్తిగా ఆపేయాలని చట్టమే ఉంది.

ఈ అంకెలు కష్టంగా అనిపిస్తాయని తెలుసు. పాతిక మందితో పనిచేసే చోట చేతిలో పట్టుకునే డబ్ల్యూబీజీటీ మీటర్ ఒకటి కొనమని గట్టిగా చెప్తాను. రోజుకు ఒక్కసారి చూసి వదిలేయకుండా, పని జరిగే చోటే, ఎండ ఎక్కువున్న గంటల్లో గంటకోసారి చూడాలి. మీటర్ లేకపోతే మనుషుల గుండె వేగం చూడండి. విశ్రాంతికి కూర్చున్న ఒక నిమిషానికి నాడి పట్టుకుని చూస్తే 110 కంటే ఎక్కువ ఉందంటే తర్వాతి విడత పని సమయాన్ని మూడో వంతు తగ్గించాలి. పాత పద్ధతే, ఖర్చు లేదు, పనికొస్తుంది.

విశ్రాంతిని అడిగేదాకా ఆగకండి

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చింది ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. "అలసిపోతే కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు" అని చెప్పే సూపర్‌వైజర్లు మంచి మనసుతోనే చెప్తారు. కానీ ఆ మాట పని చేయదు. పక్కవాడు పనిచేస్తుండగా తాను కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పదు. రేపటి నుంచి రావద్దంటారేమో అని భయం. కొత్తవాడికైతే ఇంకా టెన్షన్. పైగా వేడి ఎక్కిన మనిషికి ముందుగా దెబ్బతినేది తన పరిస్థితి తాను అంచనా వేసుకునే తెలివే. అలాంటి మనిషినే "ఎప్పుడు ఆగాలో నువ్వే చూసుకో" అనడం సరికాదు.

కాబట్టి ఈల వేయండి. అందరూ ఒకేసారి పని ఆపాలి, అందరూ నీడకు రావాలి, మేస్త్రీ కూడా రావాలి. మేస్త్రీ ఎండలో నిలబడి ఫోన్ మాట్లాడుతుంటే మిగతావాళ్ళు రెండు నిమిషాల్లో లేచిపోతారు.

గుత్తకు పని చేయించే చోట సమస్య ఇంకా పెద్దది. ఎన్ని మీటర్లు చేస్తే అంత కూలి అన్నప్పుడు విశ్రాంతి తీసుకున్న ప్రతి నిమిషం జేబులోంచి పోయినట్టే. వడగాడ్పులున్న రోజుల్లోనైనా రోజు కూలి లెక్కకు మార్చమని కాంట్రాక్టర్‌ను ఒప్పించండి. లేదా విశ్రాంతి నిమిషాలకు కూడా కూలి కట్టండి. ఇది తేల్చకుండా మిగతా జాగ్రత్తలన్నీ రాసి గోడకు అతికించినా ఫలితం ఉండదు.

నీడ పని దగ్గరే ఉండాలి. రోడ్డు పని ముందుకు జరుగుతూ ఉంటుంది, టెంట్ మాత్రం మొదటి రోజు వేసిన చోటే ఉండిపోతుంది. నడిచి వెళ్ళడానికే విశ్రాంతి సమయం అయిపోతే ఎవరూ వెళ్ళరు. చక్రాలున్న బండికి పందిరి కట్టి పనితో పాటే జరపండి. రేకుల కంటైనర్ లోపల కూర్చోబెట్టడం నీడ కిందకు రాదు, అది ఎండ కంటే వేడిగా ఉంటుంది. నాలుగు వైపులా గాలి ఆడాలి, అందరూ ఒకేసారి కూర్చునేంత చోటు ఉండాలి, కాళ్ళు చాపుకోగలగాలి. ఎండలో ఆగి ఉన్న లారీ కింద పడుకోనివ్వకండి. ప్రమాదం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

పని వేళలు జరపగలిగితే జరపండి. బరువు పనులన్నీ తెల్లవారుజామునే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ముగించడం అందరికీ తెలిసిన మార్గమే. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. తెల్లవారుజామున 4 గంటలకు పనిలో ఉండాలంటే మనిషి ఎప్పుడు పడుకోవాలి? రాత్రి కూడా ఉడికిపోయే గదిలో సరిగా నిద్ర పట్టని మనిషి, ముందు రోజు వేడి పూర్తిగా దిగకుండానే పనికి వస్తాడు. షిఫ్ట్ ముందుకు జరిపితే ముగింపు కూడా ముందుకు జరగాలి. మొదలు మాత్రమే జరిపి, ముగింపు అలాగే ఉంచిన సైట్లు నేను చూశాను. వాళ్ళు చేసింది పని గంటలు పెంచడమే.

నీళ్ళు, ఓఆర్‌ఎస్

దాహం వేసినప్పుడు తాగితే ఆలస్యమే. 15 నుంచి 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే 240 మిల్లీలీటర్లు తాగాలి. అది గంటకు ముప్పావు లీటరు నుంచి ఒక లీటరు దాకా అవుతుంది. ఒకేసారి లీటరు తాగడం కంటే ఇలా కొద్దికొద్దిగా తాగడమే ఒంటికి పడుతుంది. 15 డిగ్రీల లోపు చల్లగా ఉంటే మనుషులు ఇష్టంగా తాగుతారు. ఎండలో కాగిన డ్రమ్ము నీళ్ళు ఎంత పెట్టినా మిగిలిపోతాయి.

పై హద్దు కూడా ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. గంటకు సుమారు 1.4 లీటర్లు దాటకూడదు. గంటల తరబడి అంతకుమించి నీళ్ళు మాత్రమే తాగితే రక్తంలో సోడియం పలుచబడుతుంది. తలనొప్పి, వాంతులు, తికమక, చివరికి ఫిట్స్ దాకా వెళ్తుంది. చూడడానికి వడదెబ్బలాగే ఉంటుంది, చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా నీళ్ళు తాగిస్తారు.

ఓఆర్‌ఎస్ విషయంలో మీరు చేస్తున్నది మంచిదే, కానీ కలిపే పద్ధతి చూడండి. ప్యాకెట్ మీద ఎంత నీటికి రాసి ఉంటే అంత నీటిలో మొత్తం ప్యాకెట్ కలపాలి. లీటరు ప్యాకెట్‌ను చిన్న సీసాలో కలిపి తాగేస్తే ఉప్పు ఎక్కువై దాహం పెరుగుతుంది, వాంతి వస్తుంది. వేళకు తిండి తింటున్న మనిషికి రెండు మూడు గంటల పనికి మామూలు నీళ్ళు చాలు. రోజంతా చెమటతో తడిసిపోయేవాళ్ళకు, కండరాలు పట్టేస్తున్నవాళ్ళకు ఓఆర్‌ఎస్ అవసరం. ఉప్పు మాత్రలు వద్దు. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఓఆర్‌ఎస్ ఎంత తాగొచ్చో వాళ్ళ డాక్టర్‌ను అడగాలి.

మరుగుదొడ్డి గురించి మీరు రాయలేదు. మీ ముఠాలో ఆడవాళ్ళు ఉన్నారా? ఉంటే ఇది నీళ్ళ కంటే ముందు చూడాల్సిన విషయం. దగ్గర్లో శుభ్రమైన మరుగుదొడ్డి లేని సైట్లలో ఆడవాళ్ళు ఉదయం నుంచీ నీళ్ళు తాగకుండానే పనిచేస్తారు. మీరు ఎంత బతిమాలినా తాగరు, అది వాళ్ళ తప్పు కాదు. తాత్కాలిక మరుగుదొడ్డి పెట్టించిన ఒక సైట్‌లో వేరే ఏ మార్పూ చేయకుండానే నీళ్ళ వాడకం పెరిగింది. అప్పటిదాకా అక్కడ అందరూ "వాళ్ళకు దాహం తక్కువ" అనుకుంటూ ఉండేవాళ్ళు.

బట్టల గురించి రెండు మాటలు. వదులుగా, లేత రంగులో, చేతులు కప్పేవి, గాలి దూరేవి కావాలి. రసాయనాల కోసం వేసుకునే గాలి దూరని ప్లాస్టిక్ సూట్ అయితే పై లెక్కలో డబ్ల్యూబీజీటీకి 11 డిగ్రీలు కలపాలి. ఆ సూట్‌తో ఎండలో పని చేయించడం దాదాపు కుదరదన్నట్టే. మెడ మీద తడి గుడ్డ హాయిగా ఉంటుంది, వేసుకోనివ్వండి. దాన్ని చూసుకుని విశ్రాంతి తగ్గించవద్దు. ఫ్యాన్ పెడితే ఒంటి మీద నీళ్ళు చల్లి పెట్టండి. బాగా పొడిగా, 40 డిగ్రీల పైన ఉన్న గాలిని పొడి ఒంటి మీదకు ఊదితే ఒళ్ళు ఇంకా వేడెక్కుతుంది.

ఎవరికి ప్రమాదం ఎక్కువో తెలుసుకోవడానికి ఉదయం హాజరు వేసేటప్పుడే ఒక్క నిమిషం కేటాయించండి. జ్వరం, విరేచనాలు, రాత్రి నిద్ర లేకపోవడం, ముందు రోజు తాగిన మద్యం, అంతకు ముందు ఎప్పుడైనా వడదెబ్బ తగిలి ఉండడం, వీటిలో ఏది ఉన్నా ఆ రోజు తేలిక పని ఇవ్వాలి. మందులు కూడా ముఖ్యమే. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే బీపీ మాత్రలు, గుండె వేగం తగ్గించే మాత్రలు, జలుబుకు వేసుకునే మత్తు మాత్రలు, కొన్ని మానసిక వైద్యం మందులు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. మందులు మానేయమని మాత్రం ఎవరికీ చెప్పకండి. అందరి ముందు అడగకండి, పక్కకు పిలిచి అడగండి. చెప్తే పని పోతుందన్న భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు. కాబట్టి చెప్పినవాళ్ళకు కూలి తగ్గదని ముందే మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

గుర్తుపట్టడం

కండరాలు పట్టేయడం, తలనొప్పి, వికారం, నీరసం, కళ్ళు తిరగడం కనిపిస్తే పని ఆపించి, నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, తడిపి, నీళ్ళు తాగించండి. ఒంటరిగా వదలకండి, ఒంటరిగా ఇంటికీ పంపకండి.

మాటలో, నడకలో, ప్రవర్తనలో తేడా వచ్చిందంటే అది ప్రాణాపాయం. పొంతన లేని మాటలు, అకారణంగా కోపం, తూలడం, అడిగినదానికి జవాబు లేకపోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం, ఇవన్నీ మెదడుకు వేడి తగిలిందని చెప్పే గుర్తులు. ఒక సైట్‌లో ఒకతను ట్రాఫిక్ కోన్లను అడ్డదిడ్డంగా పెడుతూ, చెప్పబోయిన మేస్త్రీ మీద తిరగబడ్డాడు. తాగి వచ్చాడని అందరూ తిట్టి దూరంగా కూర్చోబెట్టారు. వెళ్ళి "నీ పేరేంటి, ఇప్పుడు ఎక్కడున్నాం, పొద్దున ఏం పని చేశావు" అని అడిగితే ఒక్కదానికీ సరైన జవాబు లేదు. చొక్కా అంతా చెమటతో తడిసి ఉంది. వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోయి ఒళ్ళు పొడిగా అవుతుందని చాలామంది నమ్ముతారు. బరువు పని చేస్తూ వడదెబ్బ తగిలినవాళ్ళకు చాలాసార్లు చెమట పడుతూనే ఉంటుంది. చెమట ఉంది కదా అని ఆగకండి.

ఇద్దరిద్దరిని జత కట్టండి, కొత్తవాడికి పాతవాడిని జోడీ ఇవ్వండి. తన తేడా తనకు తెలియదు కాబట్టి పక్కవాడే చూడాలి.

పడిపోతే ఏం చేయాలి

ఒకరు అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి, అదే సమయంలో మిగతావాళ్ళు చల్లబరచడం మొదలుపెట్టాలి. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఎంతసేపు ఉంటే మెదడుకు, కాలేయానికి, కిడ్నీలకు అంత నష్టం. అరగంటలోపు దించగలగాలి. దారిలో ట్రాఫిక్‌లో పోయే అరగంటను తిరిగి తెచ్చుకోలేం.

అమెరికాలోని ఫాల్మౌత్‌లో ఏటా ఆగస్టులో 7 మైళ్ళ పరుగు పందెం జరుగుతుంది. అక్కడ 18 ఏళ్ళలో 274 మందికి వడదెబ్బ తగిలింది. పందెం ముగిసే చోటే మంచు నీళ్ళ తొట్టెలు సిద్ధంగా ఉంచి, పడినవాళ్ళను వెంటనే అందులో దించారు. 274 మందీ బతికారు. మన సైట్లలో పెద్ద తొట్టె లేకపోయినా టార్పాలిన్ ఉంటుంది, ట్యాంకర్ ఉంటుంది. మనిషిని టార్పాలిన్ మీద పడుకోబెట్టి, నలుగురు అంచులు పైకెత్తి పట్టుకుని, అందులో నీళ్ళు, మంచు ముక్కలు పోసి, నీళ్ళు ఒంటి చుట్టూ కదిలేలా అటూ ఇటూ ఊపాలి. ఒకరు తల పట్టుకుని ముఖం నీళ్ళలో మునగకుండా చూడాలి. అదీ కుదరకపోతే బూట్లు, పై బట్టలు తీసేసి తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళు పోస్తూనే ఉండాలి, మంచు నీళ్ళలో ముంచిన గుడ్డలు ఒళ్ళంతా కప్పి రెండు మూడు నిమిషాలకోసారి మార్చాలి, విసరాలి. మనిషి తేరుకుని సరిగ్గా మాట్లాడేదాకా, లేదా అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు.

స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్, ఆస్పిరిన్ వేయకండి. ఇది జ్వరం కాదు, వాటితో దిగదు, పైగా కాలేయానికి, రక్తానికి హాని. నుదుటి మీద పెట్టే థర్మామీటర్ తక్కువ చూపించిందని నమ్మకండి, చంకలో పెట్టేదీ అంతే. ప్రవర్తన తేడాగా ఉంటే చాలు, వడదెబ్బ అనుకునే చికిత్స మొదలుపెట్టాలి. టార్పాలిన్, మంచు పెట్టె, గుడ్డలు ఎక్కడున్నాయో అందరికీ తెలియాలి. వేసవి మొదట్లోనే ఒకసారి అందరి చేత చేయించి చూడండి. అంబులెన్స్‌కు చెప్పాల్సిన చిరునామా, దగ్గరి గుర్తు ఒక పలక మీద రాసి పందిరికి తగిలించండి. రోడ్డు పని చోటు రోజూ ముందుకు మారుతుంది కాబట్టి రోజూ మార్చి రాయండి.

కాంట్రాక్టర్‌తో మాట్లాడేటప్పుడు మీకు పనికొచ్చే ఒక లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం డబ్ల్యూబీజీటీ 20 దాటిన తర్వాత ప్రతి డిగ్రీకి పని 2 నుంచి 3 శాతం తగ్గుతుంది. విశ్రాంతి ఇచ్చినా ఇవ్వకపోయినా వేడి రోజున పని తగ్గుతుంది. ఇవ్వకపోతే దానికి తోడు చెమట చేతుల్లోంచి పనిముట్లు జారడం, యంత్రం దగ్గర చూపు మళ్ళడం లాంటి ప్రమాదాలు పెరుగుతాయి. ఇంకోటి, ఇది ఒక్క రోజు నష్టంతో పోదు. మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీల్లో బీపీ, షుగర్ లేని యువకులకే కిడ్నీలు పాడైపోతున్నాయి. ఏళ్ళ తరబడి విశ్రాంతి లేకుండా వేడిలో చేసిన బరువు పని దానికి ముఖ్య కారణాల్లో ఒకటని పరిశోధకులు భావిస్తున్నారు.

ఇక ఆ ఇద్దరి సంగతి. తేరుకున్నారు కదా అని వదిలేయకండి, డాక్టర్‌కు చూపించి కిడ్నీ, కాలేయం, కండరాల రక్త పరీక్షలు చేయించండి. పడిపోయిన తర్వాతి రోజుల్లో మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా, కండరాలు విపరీతంగా నొప్పి పెట్టినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. కండరాలు కరిగి కిడ్నీలను అడ్డుకుంటున్నాయన్న సూచన అది. కేవలం కళ్ళు తిరిగి, పడుకోగానే కోలుకున్నవాళ్ళయినా ఆ రోజు మళ్ళీ ఎండలోకి వెళ్ళకూడదు. మాటలో తేడా వచ్చేంత వడదెబ్బ అయితే ఆసుపత్రి నుంచి వచ్చాక కనీసం వారం రోజులు ఏ బరువు పనీ వద్దు. పరీక్షలు మామూలుగా ఉన్నాయని డాక్టర్ చెప్పాకే మొదలుపెట్టాలి. అప్పుడు కూడా కొత్తవాడిలాగే 20 శాతం నుంచి.

వాళ్ళిద్దరూ పడిన రోజు ఏ పనిలో ఉన్నారు, చివరి విశ్రాంతి ఎప్పుడు ఇచ్చారు, ఎన్నో రోజు పనిలో ఉన్నారు అన్నవి రాస్తే, మీ ముఠాకు సరిపోయే విశ్రాంతి వేళల పట్టిక వేసి పెడతాను.